యంత్రముతో సంభాషణ: కొన్ని పారిభాషిక పదముల పరిచయము

శాస్త్రము పెరిగిన చోటనెల్ల పరిభాష పెరుగుతుంది. హైదరాబాదు నగరమునకు ఈ సంగతి కొత్తది కాదు. ఉన్నత విద్యను ఉర్దూ మాధ్యమమున నేర్పవలెనని సంకల్పించినప్పుడు, 1917లో దారుల్ తర్జుమా ఏర్పడి వైద్యము, గణితము, భౌతిక శాస్త్రము మొదలగు వాటికి ఉర్దూ పదములను తీర్చిదిద్దినది. పదములను నిర్మించు పద్ధతిపైననే వహీదుద్దీన్ సలీం "వజె ఇస్తిలాహాత్" అను గ్రంథమును రచించినారు. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి తెలుగులో అదే కార్యమును చేపట్టి పారిభాషిక పదకోశములను వెలువరించినది. ఈ రెండు సంస్థలు ప్రధానముగా తరగతి గదిలోని శాస్త్రములకు పదములు కూర్చినవి. తరగతి గది వెలుపల, మనిషికిని యంత్రమునకును నడుమ నిత్యము జరుగు వ్యవహారమును గూర్చిన శాస్త్రము ఒకటి కలదు. దానిని ఇంటర్‌ఫేస్ రూపకల్పన అంటారు. దాని పరిభాషలోని కొన్ని ముఖ్య పదములను తెలుగు, ఉర్దూ మాటల వెలుగులో వివరించుట ఈ వ్యాసపు ఉద్దేశము.

ఇంటర్‌ఫేస్ అనగా యంత్రము మనవైపు త్రిప్పిన ముఖము. మీటలు, దీపములు, తెరపై కనబడు అక్షరములు, గంట మ్రోత, ఇవన్నియు ఆ ముఖమునకు చెందినవే. లోపలి ఏర్పాటు ఎంత గొప్పదైనను వాడుకరికి తెలియునది ఈ ముఖము మాత్రమే. గడియారమునకు ముల్లులు, కుళాయికి పిడి, లిఫ్టుకు మీటలు ఇట్టివే కనుక ఈ శాస్త్రము కంప్యూటరుతోనే పుట్టినదని భావింపరాదు. దీని పరిభాషకు ఒక విశేషము కూడ ఉన్నది. ఇందలి పదములు వస్తువులకు పెట్టిన పేర్లు మాత్రమే కావు. యంత్రము వద్ద పని చెడినప్పుడు ఆ దోషమును ఎవరి ఖాతాలో వ్రాయవలెనో తేల్చునవి. బ్యాంకు యంత్రము ముందు చిక్కుపడిన పెద్దమనిషి "నాకు చదువు లేదు నాయనా" అని తనను తానే నిందించుకొని వెనుదిరుగును. ఆ నింద న్యాయమైనదా అను ప్రశ్న ఈ శాస్త్రమునకు మూలము.

ఆ ప్రశ్న మొదట యుద్ధభూమిలో తలయెత్తినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా సైన్యపు బి-17 బాంబరు విమానములు క్షేమముగా నేలకు దిగిన తరువాత, చక్రములు ముడుచుకొని పొట్టపై కూలబడిన సంఘటనలు పలుమార్లు జరిగినవి. వాటికి కారణము "పైలట్ తప్పిదము" అని వ్రాయుట పరిపాటి అయినది. ఆల్ఫాన్స్ చపానిస్ అను మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పైలట్ కూర్చుండు చోటును పరిశీలించగా వేరొక సంగతి బయటపడినది. రెక్కల ఫ్లాపులను కదల్చు మీటయు, చక్రములను ముడుచు మీటయు ప్రక్కప్రక్కనే, ఒకే ఆకారమున ఉన్నవి. అలసిన పైలట్ ఒకదానికై చేయి చాచి రెండవదానిని కదల్చుచున్నాడు. చపానిస్ చేసిన చికిత్స బహు స్వల్పము. చక్రముల మీటకు చిన్న చక్రము వంటి బొడిపెను, ఫ్లాపుల మీటకు చీలయాకారపు బొడిపెను అమర్చినాడు. చీకటిలో సైతము ఏది ఏదో చేతికే తెలియును. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అను ఇద్దరు పరిశోధకులు పైలట్ తప్పిదములని పేరుపడిన 460 అనుభవములను విశ్లేషించి, వాటిలో పెక్కింటికి మీటల అమరికలోనే మూలము కలదని చూపినారు.

ఇచ్చట మనకు తెలుగులో ఒక అనుకూలత ఉన్నది. ఈ శాస్త్రమున పేరుపొందిన డొనాల్డ్ నార్మన్ మానవ దోషములను రెండు తెగలుగా విభజించినాడు. ఉద్దేశము సరియైనదే కాని చేయి తప్పినచో అది "స్లిప్". ఉద్దేశమే తప్పైనచో అది "మిస్టేక్". తెలుగువారు మొదటిదానిని పొరపాటు అనియు, రెండవదానిని తప్పు అనియు అనుటకు ఏ పదకోశమును తిరుగవేయనక్కరలేదు. ఉర్దూలో లగ్జిష్, గలతీ అను జంట ఇంచుమించు ఈ భేదమునే తెలుపును. లగ్జిష్ అనగా కాలు జారుట. భేదము చిన్నదిగా తోచవచ్చును గాని చికిత్సలు వేరు. తప్పునకు మందు బోధన. పొరపాటునకు బోధన పనికిరాదు. బి-17 పైలట్లకు ఏ మీట ఏదో తెలియదా? తెలిసినవారికే చేయి జారినది కనుక మార్చవలసినది మీటను.

పరిభాషలో మిక్కిలి ప్రసిద్ధమైనది, మిక్కిలి దుర్వినియోగమైనది "అఫోర్డెన్స్" అను పదము. దీనిని కల్పించినవాడు జేమ్స్ గిబ్సన్. 1979లో ప్రకటించిన గ్రంథమున ఆయన దీనిని విపులముగా చర్చించినాడు. ఒక వస్తువు ఒక ప్రాణికి ఏయే పనులకు వీలు కల్పించునో అదియే దాని అఫోర్డెన్స్. మన ఇండ్ల ముందరి అరుగు పెద్దవారికి కూర్చుండుటకు అనువైనది, పాకు బిడ్డకు కాదు. అనువు అరుగులోనే లేదు, మనిషిలోనే లేదు, ఇద్దరి సంబంధములో ఉన్నది. కావున ఈ పదమునకు "అనువు" అను అచ్చ తెలుగు మాట చక్కగా అమరునని నా అభిప్రాయము. నార్మన్ 1988లో వెలువరించిన తన గ్రంథము ద్వారా ఈ మాటను రూపకర్తలలో ప్రచారము చేసినాడు. అటుపై వారు తెరపై గీసిన ప్రతి గీతను అఫోర్డెన్స్ అనసాగినారు. విసిగిన నార్మన్ 2013 నాటి సవరించిన ముద్రణలో "సిగ్నిఫయర్" అను వేరు పదమునకు ప్రాధాన్యమిచ్చినాడు. అనువు ఉన్నదని తెలుపు గుర్తు ఇది. తెలుగులో ఆనవాలు, ఉర్దూలో ఇషారా. గాజు తలుపు తోయుటకు అనువైనదే కావచ్చును. కాని దానికి లాగు పిడి బిగించినచో ఆనవాలు అబద్ధము చెప్పినట్లు. దానిపై "తోయుడు" అని కాగితము అంటించుట రూపకర్త తన ఓటమికి తానే వ్రాసుకొన్న పత్రము.

తక్కిన పదములను ఒక్క యంత్రమును ముందుంచుకొని వివరించుట మేలు. పదునెనిమిది ఏండ్లు నిండిన ప్రతి విద్యార్థియు ఎదుర్కొను యంత్రము, చదువు వచ్చినవారు రానివారు ఒకే వరుసలో నిలిచి వాడు యంత్రము, ఓటింగు యంత్రము. దీనితో మన నగరమునకు సంబంధము కూడ ఉన్నది. 1979లో దీని నమూనాను హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా తయారుచేసినది. 1982లో కేరళలోని పరూరులో దీనిని తొలిసారి వాడినారు. 2004 నాటి లోకసభ ఎన్నికలలో దేశమంతట ఇదియే వచ్చినది. ఈ యంత్రముల భద్రతపై నడచిన వివాదములు వేరు విషయము, వాటిని ఇచ్చట తాకబోను.

యంత్రము కంటె ముందు గుర్తు వచ్చినది. 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలలో సుమారు 17 కోట్ల 30 లక్షల ఓటర్లు ఉండిరి. వారిలో అధిక సంఖ్యాకులకు అక్షరజ్ఞానము లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె నిలిపి దానిపై గుర్తు అంటించినారు. నేడు కంప్యూటరు తెరపై "ఐకాన్" అను చిత్రము చేయు పని సరిగా ఇదే. 1981లో జిరాక్స్ సంస్థ స్టార్ అను కంప్యూటరు తెరపై కాగితము, సంచి, పెట్టె బొమ్మలను అమర్చుటకు మూడు దశాబ్దములకు ముందే మన ఓటరు బొమ్మను చూచి పని చేసినాడని చెప్పుకొనుటకు వెనుదీయనక్కరలేదు. దీని వెనుకనున్న సూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొనుట కంటె గుర్తుపట్టుట సులభమని చెప్పుదురు. పేరు చెప్పుమనిన తడబడువాడు ముఖము చూడగానే గుర్తుపట్టును కదా.

అయితే గుర్తులు ఒకదానినొకటి పోలరాదు. 2022లో మునుగోడు ఉప ఎన్నిక సమయమున కారు గుర్తు గల పార్టీ, రోడ్డు రోలరు మొదలగు కొన్ని గుర్తులు తమ గుర్తును పోలి ఉండుటచే ఓటర్లు పొరపడుచున్నారని ఫిర్యాదు చేసినది. ఆ ఫిర్యాదులోని రాజకీయ బలాబలములతో మనకు పనిలేదు. అంగుళము పరిమితిలో నల్లని గీతలతో ముద్రించినప్పుడు నాలుగు చక్రముల వాహనములన్నియు దగ్గరి బంధువులగుట మాత్రము నిజము.

తరువాతి పదము "మ్యాపింగ్". మీటకును, దాని వలన జరుగు పనికిని గల స్థాన సంబంధము ఇది. పొందిక అనవచ్చును. పొందిక చెడినచో ఏమగునో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రము 2000 సంవత్సరమున చూపినది. ఆ రాష్ట్రమున పామ్ బీచ్ అను జిల్లాలో వృద్ధులు ఎక్కువ. వారికి అక్షరములు పెద్దవిగా కనబడవలెనని ఓటు పత్రమును సీతాకోకచిలుక రెక్కల వలె రెండు పుటలుగా విప్పి, పేర్లను ఇరువైపుల ముద్రించి, రంధ్రములను నడుమ ఒకే వరుసలో ఉంచినారు. ఎడమ పుటలో మొదటి పేరు బుష్, రెండవ పేరు గోర్. కుడి పుటలో మొదటి పేరు బుకానన్. రంధ్రములలో మాత్రము మొదటిది బుష్‌కు, రెండవది బుకానన్‌కు, మూడవది గోర్‌కు చెందినవి. రెండవ పేరువానికి ఓటు వేయగోరినవాడు రెండవ రంధ్రమును పొడుచుట సహజము. ఆ జిల్లాలో బుకానన్‌కు సుమారు 3,400 ఓట్లు పడినవి. వాటిలో పెక్కు తనవి కావని ఆయనయే బహిరంగముగా అంగీకరించినాడు. 19 వేలకు పైగా పత్రములు ఒకటికి మించిన రంధ్రములుండుటచే చెల్లనివైనవి. ఆ రాష్ట్రమున చివరకు ప్రకటింపబడిన ఆధిక్యము 537 ఓట్లు. ఒక దేశాధ్యక్షుని ఎన్నిక ఆ లెక్కపై తేలినది. సదుద్దేశముతో అక్షరము పెద్దదైనది, పొందిక చెడినది.

మన యంత్రములో ప్రతి అభ్యర్థికి ఒక అడ్డవరుస. అదే వరుసలో వరుస సంఖ్య, పేరు, ఛాయాచిత్రము, గుర్తు, చిన్న దీపము, నీలిరంగు మీట. కంటిచూపు లేనివారికై మీటల చెంత బ్రెయిలీ అంకెలు. కన్ను ఎచ్చట నిలిచినదో వ్రేలు అదే వరుసలో కుడికి సాగిన చాలును. ఇంతకంటె సూటియైన పొందికను నేను ఊహింపలేను.

మీట నొక్కగానే ఆ వరుసలోని ఎఱ్ఱ దీపము వెలుగును, దీర్ఘముగా ఒక ధ్వని వినబడును. దీనిని "ఫీడ్‌బ్యాక్" అంటారు. ప్రతిస్పందన అను సంస్కృత పదము ప్రచారములో ఉన్నది గాని "బదులు" అను మాట చాలదా? పిలిచినప్పుడు పలుకుటయే కదా ఇది. బదులు లేని యంత్రమును మనిషి రెండవసారి, మూడవసారి నొక్కును. బదులు నిజమైనదిగా ఉండుట మరింత ముఖ్యము. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రమున ఒక కవాటము తెరచుకొని మూతపడక నిలిచిపోయినది. నియంత్రణ గదిలోని దీపము మాత్రము అది మూసుకొన్నట్లు తోపజేసినది. ఆ దీపము తెలుపునది "మూసుకొమ్మని ఆజ్ఞ పంపబడినది" అని మాత్రమే, "మూసుకొన్నది" అని కాదు. అచ్చటివారు రెండు గంటలకు పైగా ఆ దీపమును నమ్మినారు. అణుకేంద్రపు గర్భము కొంత కరగిపోయినది. ఆజ్ఞకును ఆచరణకును గల దూరమును దాచిన బదులు, బదులు లేకపోవుట కంటె ప్రమాదకరము. మన ఓటింగు యంత్రమునకు 2013 నుండి చేర్చబడుచు వచ్చి, 2019 నాటికి అన్ని నియోజకవర్గములకు వ్యాపించిన వి.వి.ప్యాట్ పరికరము ఈ దృష్టితో గమనింపదగినది. నొక్కిన అభ్యర్థి పేరు, గుర్తు గల చీటీ గాజు కిటికీ వెనుక 7 సెకండ్లు కనబడి పెట్టెలో పడును. దీపము యంత్రము చెప్పిన మాట అయితే, చీటీ కాగితముపై పడిన సాక్ష్యము.

ఒకసారి నొక్కిన పిదప ఎన్నిసార్లు నొక్కినను మరొక ఓటు నమోదు కాదు. పోలింగు అధికారి తన వద్దనున్న మీటను నొక్కి అనుమతించినప్పుడే తదుపరి ఓటు. ఇట్టిదానికి "కన్‌స్ట్రెయింట్", అనగా కట్టడి, అని పేరు. హెచ్చరిక పలకను వ్రేలాడదీయుట కంటె తప్పు చేయుటకే వీలులేకుండ చేయుట ఉత్తమము. ఇక్కడనే "మోడ్" అను మరొక పదమును చెప్పుకొనవచ్చును. ఒకే మీట వేర్వేరు స్థితులలో వేర్వేరు ఫలములనిచ్చినచో ఆ స్థితులను మోడ్‌లు అంటారు. జాగ్రత్స్వప్నసుషుప్తులను అవస్థలని పిలుచు అలవాటు మనకున్నది కనుక "అవస్థ" అనుట తగును. ఆ మాటకు గల రెండవ అర్థము కూడ ఇచ్చట సార్థకమే! టెలిఫోను ఏ అవస్థలో ఉన్నదో తెలియక ముఖ్యమైన పిలుపును పోగొట్టుకొనినవారికి వేరే వివరణ అక్కరలేదు. ఓటింగు యంత్రము సిద్ధముగా ఉన్నప్పుడు ఆకుపచ్చ దీపము వెలిగి తన అవస్థను తానే చెప్పును.

ఇక ఈ శాస్త్రమునకు లక్ష్యమైన "యూజబిలిటీ". వినియోగ సౌలభ్యము, ఉర్దూలో సహూలత్ అనవచ్చును. కాని సౌలభ్యము అనగానే సుఖము గుర్తుకు వచ్చును. 1998 నాటి అంతర్జాతీయ ప్రమాణము దీనిని మరింత కట్టుదిట్టముగా నిర్వచించినది: నిర్దిష్టమైన వాడుకరులు, నిర్దిష్టమైన పరిస్థితులలో, నిర్దిష్టమైన పనిని ఎంతమేరకు సఫలముగా, ఎంత తక్కువ శ్రమతో, ఎంత సంతృప్తితో చేయగలరన్నదే కొలత. పరిస్థితి మారినచో అదే యంత్రపు సౌలభ్యము మారును. 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గమున 185 మంది పోటీచేసినారు. వారిలో 170 మందికి పైగా పసుపు, జొన్న పంటలకు గిట్టుబాటు ధర కోరుచు నిలిచిన రైతులు. ఒక్కొక్క యంత్రములో 16 వరుసలే ఉండును కనుక, "పైవారెవరూ కారు" అను వరుసతో కలిపి 12 యంత్రములను ప్రక్కప్రక్కన అమర్చవలసివచ్చినది. ప్రతి మీటకు పొందిక చెడలేదు, బదులు చెడలేదు. కాని 186 వరుసలలో తన గుర్తును వెదకుకొను వృద్ధునికి గుర్తుపట్టుట సులభమను సూత్రము ఏ మేరకు అక్కరకు వచ్చును? రూపకర్త 16 వరుసల పలకను తలచి చేసిన అమరిక రైతుల నిరసన వలన వేరొక వస్తువుగా మారినది.

చివరిగా మన భాషలకే ప్రత్యేకమైన రెండు సంగతులు. ఇంగ్లీషులో "క్యాన్సిల్" అను మీటను తెలుగు తెరలపై "రద్దు" అని వ్రాయుచున్నారు. రద్దు అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా మన కచేరీలకు వచ్చిన మంచి మాట. కాని "మీ టికెట్టును రద్దు చేయవలెనా?" అని అడిగి క్రింద "సరే", "రద్దు" అని రెండు మీటలుంచినచో, రద్దు నొక్కిన టికెట్టు పోవునా, ఉండునా? "టికెట్టు రద్దు", "టికెట్టు ఉంచు" అనిన చిక్కు తీరును. రెండవది మర్యాదకు సంబంధించినది. ఇంగ్లీషు క్రియ ఎవరు ఎవరితో పలుకుచున్నారో చెప్పదు. తెలుగు క్రియ చెప్పక తప్పదు. మీటపై "పంపు" అని ఉన్నచో అది వాడుకరి యంత్రమునకు ఇచ్చు ఆజ్ఞ. "పంపండి" అని ఉన్నచో యంత్రము వాడుకరిని వేడుకొనుచున్నట్లు. మీటలపై మొదటిది, సూచనలలో రెండవది ఉండుట న్యాయమని నేను భావింతును. ఉర్దూ తెరకు మరొక సమస్య. తెర మొత్తము కుడి నుండి ఎడమకు తిరుగవలెను. వెనుకకు పోవు బాణపు గుర్తు కుడివైపు చూడవలెను. అంకెలు మాత్రము ఎడమ నుండి కుడికే నడచును, గడియారపు బొమ్మ తిరుగరాదు. ఒక అట్ట నుండి తెలుగు, మరొక అట్ట నుండి ఉర్దూ మొదలై నడుమ కలిసికొను సంచికలను తిరుగవేసినవారికి ఈ తిరుగుడు సులభముగా బోధపడును.

ఇట్టి తెరలను పరీక్షించుటకు గొప్ప ప్రయోగశాల అవసరము లేదు. ప్రతి విడతకు ఐదుగురు వాడుకరులు చాలునని జాకబ్ నీల్సన్ వాదించినాడు. కాలేజీలో తెలుగు చదువువారు, ఉర్దూ చదువువారు, ఇంటివద్ద తల్లులు, తాతలు ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక పని అప్పగించి, ప్రక్కన కూర్చుండి, సహాయము చేయక, వ్రేలు ఎచ్చట ఆగినదో, ఏ మాటను రెండుసార్లు చదివినారో వ్రాసికొనవలెను. మొదలుపెట్టుటకు ముందు వారితో ఒక మాట చెప్పుట ఈ పరీక్షలో నియమము: "అమ్మా, మేము పరీక్షించుచున్నది ఈ తెరను, మిమ్మల్ని కాదు."